పాపమ్మ ఇచ్చిన పంతొమ్మిది గుర్తులు

ఆదివారం పొద్దున్నే జిల్లా పేపరు తెరిచి రూబీ పళ్ళు తోముకోవడం మధ్యలో ఆపేసింది. మూడో పేజీలో సగం ఆమె గురించే ఉంది. ఆమె ఫోటో కూడా వేశారు, ఫోటోలో బాగానే ఉంది. పేపర్లో ఎప్పుడు పడుతుందా అని రెండు వారాలుగా గుమ్మంలో కాపు కాసిన పిల్ల, తీరా పడ్డాక ఆ పేజీ చింపి పొయ్యిలో పెడితే ఎలా ఉంటుందా అని ఆలోచించింది. ఊళ్ళోకి ముప్పై పేపర్లు వస్తాయి. ఇంట్లోది చింపితే మిగతా ఇరవై తొమ్మిదీ చింపేదెవరు?

కొంప ముంచింది చివరి వాక్యం. "ఈ పంతొమ్మిది గుర్తులూ తమ గ్రామంలో రజక వృత్తిదారు పాపమ్మ ఉతికే బట్టల మీదివేనని రూబీ ఆనందంగా తెలిపారు."

ఆనందంగా తెలిపిన మాట అబద్ధం కాదు. విలేకరి అబ్బాయిరాజు కాలేజీకి వచ్చి రెండు మంచి మాటలు అనగానే, అడిగినదానికీ అడగనిదానికీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. రూబీ నోరు మంచిదే, కాకపోతే దానికి తలుపు లేదు.

సంగతేమిటంటే, ఏలూరులో ఇంజనీరింగు చదివే హేమంత్‌కుమార్ అనే కుర్రాడు ఇంటర్నెట్‌లో పదిమందిని పోగుచేసి ఓ లోకం కట్టిస్తున్నాడు. దాని పేరు నూటొక్క లంకలు. చుట్టూ నీళ్ళు, నీళ్ళలో లంకలు, లంకకో వంశం, పనికో శ్రేణి. శ్రేణి అంటే ఒకే పని చేసేవాళ్ళంతా కలిసి కట్టుకున్న కూటమి. పదిమందీ ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని ఆ లంకల్లో కథలు రాస్తారు. ఒకరు పుట్టించిన మనిషిని ఇంకొకరు పెళ్ళికి పిలవచ్చు, తన్నచ్చు, చంపాలంటే మాత్రం పుట్టించినవాళ్ళని అడగాలి. కొల్లేటి పక్కన పెరిగినవాడికి లోకమంటే ఇలాగే కనిపిస్తుంది మరి. తాడేపల్లిగూడెంలో డిగ్రీ రెండో ఏడు చదివే రూబీ, కాలేజీకీ బస్సుకీ మధ్య ఉండే గంటా నెట్ సెంటర్లో గడుపుతూ అందులో పడిపోయింది. బొమ్మలు వేస్తుందని తెలిసి పన్నెండు వంశాలకీ ఏడు శ్రేణులకీ గుర్తులు తయారుచేసే పని ఆమెకి అప్పగించారు.

మొదట సింహం వేసింది. అది వాళ్ళ వీధి కుక్కలా వచ్చింది. డేగ వేస్తే పొదిగే పెట్టలా వచ్చింది. కత్తులూ కిరీటాలూ వేసి పంపిస్తే, "ఇవి అగ్గిపెట్టెల మీద బొమ్మల్లా ఉన్నాయండి, ఏమీ అనుకోకండి" అని హేమంత్ రాశాడు. మర్యాదస్తుడు, తిట్టినా అండీ పెట్టి తిడతాడు. రూబీ నెల రోజులు చించి పారేసిన కాగితాలతో వాళ్ళమ్మ జీవరత్నం రెండు పూటలు నీళ్ళు కాచింది.

ఆ వేసవిలో, ఉంగుటూరు బస్సు దిగి ఇంటికి వెళ్తుంటే, పాపమ్మ తన అరుగు మీద ఉతికిన బట్టలు ఇళ్ళవారీగా విడదీస్తూ కనిపించింది. అరవై దాటిన మనిషి. కాలరు తిప్పడం, ఓ చూపు చూడడం, ఇటో అటో విసరడం. నాలుగు కుటుంబాల తెల్లచొక్కాలు కలిసిపోయి ఉన్నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. రూబీ దగ్గరికెళ్ళి కాలరు వెనక చూసింది. గోరంత నల్లటి గుర్తు, రెండు చుక్కలూ ఓ గీతా. నల్లజీడి గింజకి సూది గుచ్చి, ఆ రసంతో బట్ట మీద చుక్కలు పెట్టి, పైన సున్నం అద్దితే ఇంక ఆ గుర్తు బట్ట చిరిగేదాకా పోదని పాపమ్మ చెప్పింది. ఇంటికో గుర్తు. పుస్తకం లేదు, కాగితం లేదు, అన్నీ ఆమె బుర్రలోనే ఉన్నాయి.

సింహాల కోసం నెల రోజులు ఏడ్చిన రూబీ అక్కడే అరుగు మీద చతికిలబడింది. "నాకు ఓ ఇరవై గుర్తులు చెప్తారా మామ్మా, బొమ్మలు వేసుకుంటాను" అని అడిగింది. పాపమ్మ కాసేపు ఆలోచించి, తడివేలితో ఇస్త్రీబల్ల మీద ఒక్కో గుర్తే గీసింది. అది ఆరిపోయేలోగా రూబీ నోట్సులోకి దించుకుంది. పంతొమ్మిది అయ్యాక పాపమ్మ, "ఇంక చాలమ్మా" అంది.

ఆ రాత్రి రూబీకి సంతోషంతో అన్నం సహించలేదు. గుర్తుని చూడగానే వంశం దానంతటదే వచ్చేది. గొలుసులా కలిసిన మూడు సున్నలు వలలల్లేవాళ్ళ శ్రేణికి. ఒకదాని మీద ఒకటి పేర్చిన గీతలు గట్లు పోసేవాళ్ళకి. చుట్టూ చుక్కలున్న చుక్క, పుకార్లు మోసేవాళ్ళ శ్రేణికి. వంకర కొక్కెం దొంగలకి. మధ్యలో తెగిపోయిన గీత మాట తప్పిన వంశానికి. దానికైతే ఆలోచించనే లేదు, చూడగానే రాసేసింది. మంచు పట్టిన పొద్దుల్లో దోనెలు ఎదురుపడితే లంకల జనం మొహాలు కనిపించక బట్ట కొస ఎత్తి గుర్తు చూపించుకుంటారని కూడా రాసింది. గుంపులో పదిమందీ పొగిడారు. హేమంత్ అండీలు మరిచిపోయి "అబ్బా" అని ఒక్క మాట రాశాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు ఆ వంకర కొక్కెం పేపర్లో అచ్చయింది, దాని కింద దొంగల శ్రేణి అని అచ్చయింది, ఇవి ఈ ఊరి బట్టల మీద గుర్తులేనని కూడా అచ్చయింది. వేసేటప్పుడు రూబీకి అవి ఉత్త చుక్కలూ గీతలూ. వాటి వెనక ఇళ్ళున్నాయనీ, ఆ ఇళ్ళలో మనుషులున్నారనీ ఆమెకి ఇవాళ పొద్దున తట్టింది.

పాపమ్మకి ఒకప్పుడు నలభై ఇళ్ళు. ఇప్పుడు పదకొండు. భర్త పోయాడు, కొడుకు పెదవేగి పామాయిల్ తోటల్లో ట్రాక్టరు తోలుకుంటూ తన సంసారం తాను ఈదుతున్నాడు. ఆ పదకొండు ఇళ్ళే ఆమె బతుకు. మా బట్టలు ఉతుకుతూ మమ్మల్ని దొంగలని పేపర్లో వేయించిందా అని వాళ్ళు మూటలు మానేస్తే, అందుకు రూబీ తప్ప ఇంకెవరూ కారణం కాదు. రూబీ నోరు కడుక్కుని, పేపరు చంకలో పెట్టుకుని పరుగెత్తింది.

దారిలో రెండిళ్ళ ముందు మగవాళ్ళు చొక్కాలు విప్పి కాలర్లు వెతుక్కుంటున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. నవ్వు రావలసిన దృశ్యం. రూబీకి రాలేదు.

పాపమ్మ అరుగు మీద ఇస్త్రీ బొగ్గుల పెట్టెని విసనకర్రతో విసురుకుంటోంది. రూబీ నిలబడే అంతా చెప్పేసింది. పాపమ్మకి చదువు రాదు, అందుకని పేజీ విప్పి చూపించింది. పాపమ్మ విసనకర్ర ఆపి గుర్తుల్ని ఒక్కొక్కటే చూసింది.

"బాగానే దించారమ్మా. చుక్కలు కాస్త లావయ్యాయి."

"మామ్మా, నేనేం చేశానో మీకు అర్థమవుతోందా అండి? వాటి కింద దొంగలనీ విషం పెట్టేవాళ్ళనీ రాశారు. అన్నీ నేను పెట్టిన పేర్లే. ఊళ్ళో అందరూ కాలర్లు చూసుకుంటున్నారు."

పాపమ్మ జవాబు చెప్పేలోగా మోటారుసైకిలు వచ్చి ఆగింది. నాగేశ్వరరావు దిగాడు. ఊళ్ళో అందరికంటే ఎక్కువ పొలం ఆయనదే, పాపమ్మ పదకొండు ఇళ్ళలో పెద్ద మూటా ఆయనదే. కిందటేడు కొల్లేట్లో తన చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేసినప్పటి నుంచీ ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటోంది. ఒక చేతిలో పేపరు, ఇంకో చేతిలో తెల్లచొక్కా. రూబీ స్తంభం పక్కకి జరిగింది.

"పాపమ్మా, ఇదేంటి?" అన్నాడాయన, చొక్కా కాలరు ఆమె మొహం ముందు పెట్టి. "ఇది కొక్కెమా, చుక్కలా? మా ఆవిడ కొక్కెం అంటది, మా అమ్మాయి చుక్కలంటది. పొద్దున్నుంచీ ఇంట్లో టిఫిను లేదు."

రూబీ ముందుకొచ్చింది. "తప్పు నాదండి. మామ్మకి ఏమీ తెలీదండి. ఏమన్నా అంటే నన్ను అనండి, మూట మాత్రం మానెయ్యకండి."

"నువ్వుండమ్మా, నిన్నెవరడిగారు," అన్నాడు నాగేశ్వరరావు.

పాపమ్మ చొక్కా అందుకుని చూడకుండానే మడిచింది. "మీ ఇంటిది మూడు చుక్కలు, పైన చిన్న తోకండి బాబుగారూ. మీ నాన్నగారి కాలం నుంచీ అదేనండి. పేపర్లో అది లేదండి."

"లేదా?"

"లేదండి. ఆ పంతొమ్మిదిలో మీదీ లేదు, నేను ఉతికే ఇళ్ళలో ఏ ఒక్కరిదీ లేదండి."

నాగేశ్వరరావు పేపరు విప్పి తానే ఓసారి వరసగా చూసుకున్నాడు. మూడు చుక్కల తోక ఎక్కడా కనిపించలేదు. ఆయన మొహం మీద ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి, అరుగు అంచున కూర్చుని జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. కాసేపటికి మళ్ళీ ముడతలు పడ్డాయి.

"ఇందులో రాజుగారి వంశం ఉంది కదా. దానికి ఎవరి గుర్తు పెట్టారు?"

"అది చెప్పకూడదండి. ఎవరింటి గుర్తు వాళ్ళకే చెప్పాలి, పక్కవాళ్ళకి చెప్పకూడదు. మా అత్త నేర్పిందండి."

"ఊళ్ళో మా ఇల్లుండగా రాజుగారి వంశానికి ఇంకెవరిదో పెడతారా?" అని రూబీ వైపు తిరిగాడు. "మా అమ్మాయి చదివి చెప్పింది, ఆ లంకలూ అవీ బాగున్నాయట. ఇంకోసారి వేసేటప్పుడు మా మూడు చుక్కలు కూడా చూడమ్మా."

"ఆయ్, తప్పకుండానండి," అంది రూబీ. ఆ క్షణంలో ఆయన అడిగితే నూటొక్క లంకలూ రాసిచ్చేసేది.

"మూట మధ్యాహ్నం పంపిస్తాను," అని పాపమ్మకి చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. దారి పొడుగునా ఎదురైనవాళ్ళకి, మనవి కావంట, మనవి కావంట అని చెప్పుకుంటూ వెళ్ళడం వినిపించింది. పది నిమిషాల్లో ఊరంతా చొక్కాలు తొడుక్కుంది.

రూబీకి గుండెల మీంచి బండ దింపినట్టయింది. నవ్వొచ్చింది, ఆకలి కూడా వేసింది. పాపమ్మ పక్కనే కూలబడి, "మరి నాకు ఎవరివి ఇచ్చారు మామ్మా?" అని అడిగింది.

"బట్టలు వేస్తున్నవాళ్ళవి నీకెలా ఇస్తానమ్మా? అది వాళ్ళ ఇంటి గుట్టు. మానేసినవాళ్ళవి ఇచ్చాను. ఏలూరు వెళ్ళిపోయినవాళ్ళు కొందరు, మిషన్లు కొనుక్కున్నవాళ్ళు కొందరు. ఆ గుర్తులు ఇంక ఏ బట్ట మీదా పెట్టను. ఊరికే బుర్రలో ఉండిపోయాయి. నీకన్నా పనికొస్తాయని ఇచ్చాను."

ఇరవై తొమ్మిది ఇళ్ళు పోయినదాన్ని ఆవిడ ఎంతో మామూలుగా చెప్పింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి రూబీ, "మా ఇంటికి కూడా గుర్తుండేదా అండి?" అంది. ఉండదనే ఆమె నమ్మకం. పుట్టి బుద్ధెరిగాక అమ్మ బట్టలు ఇంట్లోనే ఉతకడం చూసింది.

పాపమ్మ ఆమె మొహంలోకి చూసి, పేపరు మీద వేలు పెట్టింది. రెండో వరసలో అయిదో గుర్తు. మధ్యలో తెగిపోయిన గీత.

"ఇదే మీది. దీని కింద ఏం రాశావమ్మా?"

రూబీ తన నోటికి తలుపు వేసుకోవడం అదే మొదటిసారి. పాపమ్మ వేలు తియ్యలేదు. చివరికి రూబీ చదివింది.

"మాట తప్పిన వంశం అండి."

బొగ్గుల పెట్టెలో బొగ్గు చిటపటమంది. పాపమ్మ పేపరు మీంచి వేలు తీసింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు మామ్మా. గీత తెగిపోయింది కదా అని అలా పెట్టాను. ఒట్టండి."

అప్పుడు పాపమ్మ చెప్పింది. యాభై ఏళ్ళ కిందటి మాట. చర్చి పేట, అంటే రూబీ వాళ్ళ పేట బట్టలు రేవులో ముట్టుకోకూడదని ఊళ్ళో కట్టుబాటు. పేటలో మొదటి మాస్టారు తోమా, అంటే రూబీ తాతగారు, మిషన్ బళ్ళో పాఠాలు చెప్పేవాడు. పాపమ్మ అత్తగారి చిన్నకొడుకుని ఊళ్ళో బళ్ళోకి రానివ్వకపోతే ఆయన పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాడు. మర్నాడు ఆ అత్తగారు మాస్టారి ఇంటికి వెళ్ళి, మూట కట్టండి బాబూ అంది.

"తెలిస్తే ఊరుకోరని గుర్తు రెండు ముక్కలు చేసింది మా అత్త. పంచెకి ఈ కొసన సగం గీత, ఆ కొసన సగం గీత. ఒక్కటే చూస్తే మరకనుకుంటారు. రెండు కొసలూ దగ్గర పెడితే గీత కలుస్తుంది." పాపమ్మ పేపర్ని ఆ ఖాళీ దగ్గర చిన్నగా మడిచి చూపించింది. గీత కలిసింది. "అయినా తెలిసిపోయింది. నాలుగిళ్ళు మానేశాయి. ఆ సంగతి విని మాస్టారుగారు వచ్చి, మా ఇంట్లో మనుషులున్నంతకాలం మా మూట నీ రేవుకే వస్తదని మా అత్తకి మాటిచ్చారు. పోయేదాకా నిలబెట్టుకున్నారు కూడానమ్మా. నువ్వప్పుడు పాకుతున్నావు. ఆ తర్వాత రాలేదు."

"మీరు అడగలేదా మామ్మా?"

"మాటిచ్చినాయన పోయాడు. ఎవర్ని అడగను?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే రూబీకి కాస్త తేలికగా ఉండేది.

ఇంటికొచ్చేసరికి ఫోను మోగుతోంది. హేమంత్. ఏలూరులో కూడా పేపరు చూశారటండి, ఇద్దరు కొత్తవాళ్ళు చేరతామంటున్నారటండి. రూబీ ఆ అయిదో గుర్తు కింద పేరు తీసెయ్యమంది.

"మరి రాజుగారికి ద్రోహం చేసేదెవరండి? మూడు కథలు దాని మీదే ఉన్నాయి కదా."

"ద్రోహులు కావాలంటే మీరో కొత్త గుర్తు గీసుకోండి హేమంత్‌గారూ. ఆ వంశం నేను పుట్టించాను. దాన్ని ఏం చెయ్యాలన్నా నన్నడగాలి, అది మీరు పెట్టిన రూలే."

హేమంత్ ఒప్పుకున్నాడు. ఏం పేరు పెట్టమంటారని అడిగితే, ప్రస్తుతానికి ఖాళీగా ఉంచమంది.

చర్చిలో ఆరాధన అయి ఇంటికొచ్చాక అమ్మకి చెప్పింది. చెప్పడానికి భయపడింది కూడా, ఎందుకంటే మూట మానేసిన మనిషి అమ్మే. జీవరత్నం చేస్తున్న వంట ఆపి, గరిటె చేతిలోనే ఉంచుకుని విన్నది.

"మామగారు పోయాకే కదే నేను ఇంట్లో ఉతకడం మొదలెట్టింది. సబ్బుపొడి వచ్చింది, ఇద్దరి బట్టలకి ఇంకో మనిషెందుకు అనుకున్నాను. ఇలాంటి మాటుందని నాకెవరు చెప్పారు? మీ నాన్నకా, తన చొక్కాలు ఎక్కడ ఉతుకుతారో పెళ్ళయిన దగ్గర్నుంచీ తెలీదు." అని గరిటె పక్కన పెట్టింది. "పద్దెనిమిదేళ్ళు. రోజూ ఆవిడ అరుగు ముందు నుంచే కదే చర్చికెళ్తన్నాను. నవ్వుతూ పలకరించేది."

అన్నాలయ్యాక ఆవిడ మంచాల మీద దుప్పట్లు లాగింది. రూబీ నాన్న సుందరరావు మాస్టారి చొక్కాలు, పంచెలు, రూబీ చుడీదార్లు, తన చీరలు రెండు. మాస్టారు తొడుక్కున్న చొక్కా కూడా విప్పించింది. ఎందుకని అడిగితే, మీ నాన్నగారిని అడగండి అంది. అంతా పాత చీరలో మూట కట్టి, రూబీ ఎత్తుకుంటానన్నా వినకుండా తానే చంకన పెట్టుకుని బయల్దేరింది.

పాపమ్మ నాగేశ్వరరావు ఇంటి మూట విప్పుకుంటోంది. జీవరత్నం అరుగు ముందు నిలబడిపోయింది. దారంతా ఏం చెప్పాలో కూర్చుకుంటూ వచ్చింది.

"మామగారి మాట నాకు తెలీదండి పాపమ్మగారూ," అంది. "దేవుడి తోడు, తెలీదండి. తెలిసుంటే తప్పేదాన్ని కాదండి."

పాపమ్మ లేచి మూట అందుకుంది. బరువు చూసి, ముడి విప్పి, దుప్పటి అంచు రెండు కొసలూ చేతిలోకి తీసుకుని బొటనవేలితో రాసింది. అలవాటు చొప్పున గుర్తు వెతికింది గాని, అక్కడేమీ లేదు.

"తప్పారని ఎవరన్నారమ్మా. ఆలస్యమైంది, అంతే. దుప్పట్లున్నాయి కదా, బుధవారం ఇస్తాను. చినుకు పడిందంటే గురువారం."

జీవరత్నం అరుగు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే గురువారమైనా పరవాలేదండి అంది. పాపమ్మ లోపలికెళ్ళి నల్లజీడి గింజా సూదీ తెచ్చి, సున్నం డబ్బా ఎక్కడ పెట్టానా అని చూరు కింద వెతకసాగింది.